రెడ్డెప్ప ఊళ్ళలో తువాలు చాటు మాటలు

చంద్రమండలం మీద మొదట గడ్డి మేసిన ఆవు పుంగనూరు ఆవు. ఈ సంగతి మా బందరులో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళం ఇద్దరు ముగ్గురం ఉన్నాం. మమ్మల్ని చూసి తక్కినవాళ్ళు నవ్వుతుంటారు. ఆ ఆవును అక్కడికి ఎక్కించినవాడు రెడ్డెప్ప. మేత తక్కువ, పాలు చిక్కన, పొట్టిది కాబట్టి రాకెట్టులో చోటు కూడా తక్కువే పడుతుంది. ఇంత ముందుచూపు ఎవరికి ఉంటుంది చెప్పండి? చిత్తూరు జిల్లా పశువుల ఆసుపత్రుల్లో కాంపౌండరుగా పనిచేసిన మనిషికి ఉంటుంది.

రెడ్డెప్ప పేరు మీరు వినకపోతే అది మీ తప్పు కాదు. ఆయన నవలలు ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చాయి తప్ప పుస్తకాలుగా రాలేదు. మా నాన్న అద్దెకు పుస్తకాలిచ్చే కొట్టు నడిపేవాడు. కొట్టుకు వచ్చిన పత్రికల్లోంచి ఆ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి దాచుకున్న పిచ్చివాణ్ణి నేను. ఆరు నవలలు పూర్తిగా ఉన్నాయి నా దగ్గర. ఏడోది ‘నాలుగో సరిహద్దు’ సగంలో ఉండగా పత్రికే మూతపడింది. ఆ తర్వాత రెడ్డెప్ప అజాపజా లేడు.

బయలుదేరే ముందు ఒక కోపం

అసలు ఈ ప్రయాణం కోపంతో మొదలైంది. మా ఊరి సాహితీ సమావేశంలో నేను రెడ్డెప్ప ‘గుడ్డచాటు భాష’ గురించి మాట్లాడాను. అందులో నోరులేని జనం కొందరు భూమి మీదికి వస్తారు. వెలుతురు తగిలితే వాళ్ళ మాట చెడిపోతుంది. అందుకని చేతుల మీద గుడ్డ కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుని మాట్లాడుకుంటారు. గోటితో అరచేతిలో గీస్తే ‘వద్దు’. పిడికిలి బిగించి పట్టుకుంటే ‘సరే’. చెయ్యి తెరిచి ఊరుకుంటే ‘ఇక నీ వంతు’. పట్టుకున్న వేళ్ళెన్నో అంకె అంత. ఇంటర్‌లో నేనూ నా స్నేహితుడూ ఆ భాష నేర్చుకుని, లెక్కల పరీక్షలో జేబురుమాలు కింద వాడి, ఇద్దరం కలిసి తప్పాం.

నా ప్రసంగం అయ్యాక ఒక పెద్దాయన లేచి, “కల్పన బాగుంది గానీ, ఇదేదో ఇంగ్లీషు పుస్తకం నుంచి ఎత్తుకొచ్చింది అయ్యుంటుంది. మనవాళ్ళకు ఇంత ఊహ ఎక్కడిదండీ?” అన్నాడు. సభ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఏ పుస్తకమని అడిగితే ఆయన చెప్పలేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, రెడ్డెప్ప నవలలన్నీ నా అచ్చాఫీసులోనే ఒక సంపుటంగా వేస్తానని మా ఆవిడతో శపథం చేశాను. “ముందు ఆయన ఒప్పుకోవాలిగా” అంది. నిజమే. పెళ్ళిపత్రికలు వేసుకునేవాడినైనా ఒకరి రాతను అడక్కుండా అచ్చు వేసే రకాన్ని కాను. ఏడో నవలకు ఆయన ముగింపు రాసిస్తే మహాభాగ్యం. లేకపోతే ఆరే వేస్తాను, విరిగిన విగ్రహాన్ని గుళ్ళో పెట్టరు కదా అనుకున్నాను.

పత్రికలో ఎప్పుడో అచ్చయిన పరిచయంలో ‘మదనపల్లె పశువుల ఆసుపత్రి’ అని ఉంది. అదొక్కటే ఆధారం. రెండువేల మూడు మాఘమాసంలో బయలుదేరాను.

మదనపల్లె: పారబోసిన పంట

మా బందరులో మాఘం వచ్చేసరికి విసనకర్రలు వెతుక్కుంటాం. మదనపల్లెలో పొద్దున్నే జనం చెవులకు మఫ్లర్లు చుట్టుకుని తిరుగుతున్నారు. నేను పంచె, పలుచటి చొక్కాతో బస్సు దిగి చలికి వణుకుతూ నిలబడితే, టీ బంకు ఆయన అడక్కుండానే గ్లాసు చేతిలో పెట్టి, “యాడనుంచి వస్తాండావప్పా, దుప్పటన్నా లేకుండా?” అన్నాడు.

టమాటా మార్కెట్ యార్డు చూడకుండా మదనపల్లె చూశానని చెప్పుకోకూడదు. క్రేట్లు క్రేట్లు ఎర్రగా, ఎటు చూసినా అవే. మధ్యలో వేలం పాటగాళ్ళ అరుపులు. మొదటి రకం, రెండో రకం అని చేతులు చకచకా ఏరి పడేస్తుంటాయి. నేను వెళ్ళిన రోజు ధర పడిపోయింది. కిలోకు వచ్చేది కూలికీ బాడుగకూ చాలదని ఒక రైతు తన సరుకు దించకుండానే ట్రాక్టరు తిప్పుకుని పోయి, ఊరి బయట రోడ్డు పక్కన కుమ్మరించాడు. మా వైపు వరి రైతు ధర లేకపోతే గాదెలో పోసుకుని వేచి చూస్తాడు. టమాటా ఆగదు.

ఆ కుప్పల దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. రెడ్డెప్ప మొదటి నవల ‘మూడో రకం’. అందులో ముందుకాలపు యంత్రాలు మనుషులను సైజుల వారీగా ఏరి పెట్టెల్లో పెడతాయి. దేనికీ సరిపోనివాళ్ళను దారి పక్కన పారేస్తాయి. మొదటి రకం, రెండో రకం పెట్టెల్లోనే మగ్గిపోతాయి. పారేసినవాళ్ళు మాత్రం వాన పడగానే వేళ్ళు తన్ని మొలుస్తారు. చదివినప్పుడు ఎంత వింత ఊహో అనుకున్నాను. ఇక్కడ చూస్తే పాత కుప్పల్లో నిజంగానే టమాటా మొక్కలు మొలిచి, పూత పట్టి ఉన్నాయి. ఎవరూ నీళ్ళు పోయలేదు. మా రెడ్డెప్ప కళ్ళు తెరుచుకుని తిరిగిన మనిషి అని గర్వంగా అనిపించింది. ‘మా రెడ్డెప్ప’ అని ఎందుకు వచ్చిందో గానీ, ఆ రోజు నుంచి అదే వస్తోంది.

మధ్యాహ్నం రాగి సంగటి తిన్నాను. పది రూపాయలకు తలకాయంత ముద్ద, పక్కన చెనిక్కాయల ఊరిబిండి, అంటే మన వేరుశెనగ పచ్చడి. నేను ముద్ద నోట్లో పెట్టుకుని శ్రద్ధగా నములుతుంటే, వడ్డించే ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

“అట్ల నమిలితే తెల్లారిపోతాదప్పా. మింగు.”

మింగాను. గొంతులో అడ్డం పడింది. ఆమె నీళ్ళ చెంబు అందిస్తూ, “సన్నబియ్యం తినే గొంతులు” అని జాలిపడింది.

పశువుల ఆసుపత్రిలో కొత్తవాళ్ళున్నారు. రెడ్డెప్ప పేరు వాళ్ళకు తెలియదు. బస్టాండు పక్క సందులో పుస్తకాలు బైండు చేసే బాషా భాయిని అడగమని ఎవరో చెప్పారు. పేరు చెప్పగానే ఆయన జిగురు చేతులు తుడుచుకుని లేచాడు.

“రెడ్డెప్ప సారా? సీరియల్ అయిపోతానే అందరూ పేజీలు తెచ్చి నా దగ్గరే బైండు జేయించేటోళ్ళు భాయ్. నేను కుట్టేటప్పుడు సదువుతా ఉంటి. ఒకసారి సదువులో పడి ఒకాయన పుస్తకం తలకిందులుగా కుట్టేస్తి.”

“ఇప్పుడు ఎక్కడున్నారు?”

“ఈడ నుంచి పుంగనూరికి మారె. ఆడ పశువుల సంతలో అడుగు. ఆయన్ను తిట్టని మనిషి ఉండడు ఆడ.”

తిట్టడం ఎందుకో అడిగితే నవ్వాడు తప్ప చెప్పలేదు. “పోయి సూడు” అన్నాడు. నా దగ్గరున్న దారపు కుట్ల కట్టలు చూసి, ఇట్లా కుడితే పుటలు నిలవవని తిట్టి, రెంటికి మంచి అట్టలు వేసిచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

పుంగనూరు: చేతికొచ్చిన ఆవు

పుంగనూరు ఆవును మొదటిసారి కళ్ళారా చూశాను. నా నడుం దాకా వచ్చింది. తెల్లగా, చిన్న కొమ్ములతో, ఒక పెద్దమనిషి బిడ్డలాగా మర్యాదగా నిలబడి ఉంది. ‘తల్లీ, చంద్రమండలం నుంచి ఎప్పుడొచ్చావు?’ అని మనసులో పలకరించి గంగడోలు నిమిరాను. నిమరడమే తప్పయింది. సంతలో పశువును నిమిరినవాడు కొనడానికి వచ్చినవాడని లెక్క.

తలపాగా చుట్టుకున్న ఒక ముసలి దళారి దగ్గరికి వచ్చి, భుజం మీది తువాలు తీసి నా చేతి మీద వేశాడు. దాని కింద తన చెయ్యి దూర్చి నా వేళ్ళు పట్టుకున్నాడు.

అదే గుడ్డచాటు భాష! మూడు వేళ్ళు పట్టాడు, వదిలాడు, మళ్ళీ ఐదు పట్టాడు. ఆ తర్వాత చెయ్యి తెరిచి ఊరుకున్నాడు. ‘ఇక నీ వంతు’! పైకి మాత్రం ఆయన ఎటో చూస్తూ వక్క నములుతున్నాడు. చుట్టూ చూశాను. సంతంతా జంటలు జంటలుగా మనుషులు తువాళ్ళ కింద చేతులు పెట్టుకుని, నోరు మెదపకుండా నిలబడి ఉన్నారు. పక్కవాడికి ధర తెలియకుండా బేరం చేసే పద్ధతట ఇది. రెడ్డెప్ప ఏ ఇంగ్లీషు పుస్తకంలోంచీ ఎత్తుకు రాలేదు. పశువులకు సూది వేయడానికి వచ్చి, ఈ సంతలో నిలబడి చూశాడు. చూసి, మనుషులు పక్కపక్కనే ఉండి వేరే లోకపు భాష మాట్లాడుకుంటున్నారని కనిపెట్టాడు. ఈ సంతకు ఎందరు రాలేదు? చూసినవాడు ఆయనొక్కడే. బందరు పెద్దాయన పక్కన ఉంటే మెడపట్టి తెచ్చి చూపించేవాణ్ణి.

అంత సంబరంలోనూ నేను ఆవును కొనడానికి రాలేదన్న బుద్ధి ఉంది. నవలలో నేర్చుకున్న ప్రకారం, మర్యాదగా, గోటితో ఆయన అరచేతిలో ఒక్క గీటు గీశాను. వద్దు.

ముసలాయన తువాలు ఎగరేసి తీశాడు. “అయిపాయ! బేరం కుదిరిండాది!” అని అరిచి ఆవు పలుపు నా చేతిలో పెట్టాడు. ఆవు యజమాని వచ్చి దండం పెట్టి, “బాగా సూసుకో సామీ, మా ఇంటి బిడ్డ” అని కళ్ళొత్తుకున్నాడు. ఆవు నా వెంట నడవడానికి సిద్ధమైంది.

నేను “కాదు, కాదు, వద్దన్నాను” అని మొత్తుకున్నాను. జనం మూగారు. “గీటు గీసి వద్దంటాడు సూడు!” అని ఒకడు. “తాగి వచ్చిండాడా?” అని ఇంకొకడు. ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు.

“గీటంటే వద్దని నీకెవురు సెప్పిరి?”

“పుస్తకంలో చదివాను.”

ఆయన వక్క నమలడం ఆపాడు. “ఏం పుస్తకం? రెడ్డెప్ప సారుదా?”

అవునన్నాను. ఆయన తలపాగా తీసి, మోకాలి మీద కొట్టుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు. సంత మొత్తానికి చెప్పి మరీ నవ్వాడు. ఆయన పేరు మునెప్ప. బేరం చెడగొట్టినందుకు అక్కడున్న అందరికీ టీలు నేనే తాగించాలని తీర్పు చెప్పి, బెంచీ మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అసలు కథ చెప్పాడు.

“మా నాయన కాలం నుంచి గీటంటే వద్దనే అప్పా. ఆ సారు పోయి పేపర్లో రాసేసె. సదువుకున్న పిల్లోళ్ళంతా నేర్సుకుండ్రి. మేం బేరం చేస్తాంటే పక్కన నిలబడి సేతులు కదిలేది సూసి ధర సెప్పేస్తారు! మా నోట్లో మన్ను కొట్టినావు గదయ్యా అని ఆయన్ను నడి సంతలో నిలబెట్టి తిడితిమి. ఆ పొద్దే అందరం కూసోని గుర్తులు మార్సేస్తిమి. గీటంటే సరే అని పెట్టుకుంటిమి. సెయ్యి తెరిస్తే నీ వంతనేది మాత్రం మారలేదు. అది మారిస్తే బేరమే లేదు గదా.”

“ఆయన ఏమన్నారు?”

“ఏమంటాడు? నవ్వె. ‘కొత్త గుర్తులు నాకూ సెప్పండప్పా’ అనె. సెప్తామా? ఇంతవరకూ సెప్పలేదు!”

తెలుగులో ఎందరో రాశారు. ఒక కథ రాసి, ఒక సంత తన భాషనే మార్చుకునేలా చేసినవాడు ఎవడున్నాడు? నేను ఆ మాట పైకి అంటే మునెప్ప మీసం దువ్వుకున్నాడు. “మా సంత గురించి రాసినోడు ఆయనొక్కడే లే” అన్నాడు. తిట్టినవాడి గొంతులోనూ గర్వమే ఉంది.

తర్వాత ఆయన గొంతు తగ్గించాడు. “కుప్పంలో ఉండాడు. పక్షవాతం వచ్చి మాట పాయెనంట. నేను పోయి సూడలేకపోతి. తిట్టిన మొగం పెట్టుకోని ఎట్ల పోయేది?” బజారుకు పోయి ఒక కొత్త తువాలు కొనుక్కొచ్చి నా సంచిలో పెట్టాడు. “మునెప్ప ఇచ్చినాడని సెప్పు. గీటంటే ఇప్పుడు సరే అని కూడా సెప్పు. ఇంకో మాట. మొదటి మాటకే ఒప్పుకునేటోడు బేరానికి పనికిరాడప్పా. ఎవురన్నా వద్దంటే ఆడనే నిలబడు, యెనక్కి రావద్దు.”

వి.కోట దారిలో

గంగవరం, పలమనేరు దాటి వి.కోట మీదుగా కుప్పం బస్సు. నా పక్కన మల్లెపూల గంప పెట్టుకుని కూర్చున్న ఆమె కండక్టరుతో తెలుగులో పోట్లాడింది, ఒళ్ళోని మనవరాలిని అరవంలో బుజ్జగించింది, వెనక సీటు ఆమెతో కన్నడంలో కోడలి మీద చాడీలు చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. మా వైపు ఒక్క తెలుగుతోనే ఇన్ని అపార్థాలు పడుతుంటాం.

‘నాలుగో సరిహద్దు’లో ఇటువంటి మనుషులే ఉంటారు. మూడు రాష్ట్రాలు కలిసే చోట నాలుగో దేశం ఒకటుంది. మూడు భాషలూ ఎరిగినవాళ్ళకే దాని దారి కనిపిస్తుంది. పూలమ్మే ఒకామె ఆ దేశపు గేటు దాకా వెళ్ళి, కాపలావాడి ముందు నిలబడుతుంది. ‘లోపలికి ఏ మాట చెప్పి రావాలి?’ అని వాడు అడుగుతాడు. అక్కడ ఆగిపోయింది నవల. ‘వచ్చే వారం’ అని అచ్చయింది గానీ ఆ వారం రాలేదు. అప్పటి నుంచీ ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. నేనూ అంతే.

కుప్పం: తువాలు కింద

రెడ్డెప్ప ఇల్లు రైల్వే స్టేషను వెనక, రెండు గదులు. ఆయన భార్య సరోజమ్మ తలుపు తీసింది. బందరు నుంచి ఆయన నవలల కోసం వచ్చానంటే నమ్మలేదు. “అంత దూరం నుంచా? ఆటి కోసమా?” అని రెండుసార్లు అడిగింది.

ఆయన పడక కుర్చీలో ఉన్నాడు. కుడి పక్క పడిపోయింది. మాట లేదు. కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. నేను కాళ్ళకు దండం పెట్టి, బాషా భాయి అట్టలు వేసిన పుస్తకాలు ఒళ్ళో పెట్టాను. ఎడమ చేత్తో వాటిని తడిమాడు. నేను ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాను: అచ్చాఫీసు, సంపుటం, అనుమతి.

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

“వద్దంటాండాడప్పా” అంది సరోజమ్మ. “ఎవురేమడిగినా ఇట్లే కండ్లు మూసుకుంటాడు. ఎడం చేత్తో రాయమని డాక్టరు పలక ఇస్తే ఇసిరేసినాడు. ఏమనుకోవద్దు. కాఫీ తాగి పో.”

అంత దూరం నుంచి వచ్చి కాఫీ తాగి పోవడమా? ఏడుపొచ్చింది నాకు. కాఫీ కోసం ఆమె లోపలికి వెళ్ళింది. మునెప్ప అప్పగించిన పనైనా చేద్దామని సంచిలోంచి తువాలు తీశాను. “పుంగనూరు సంత మునెప్ప పంపాడు సారూ. గీటంటే ఇప్పుడు సరే అట” అన్నాను.

ఆయన కళ్ళు తెరిచాడు. పెదవి ఒక పక్కకే లేచింది గానీ, అది నవ్వే. భుజాలు కదిలేటట్టు నవ్వాడు. కళ్ళ నీళ్ళు కారాయి. ఇన్నేళ్ళకు సంత ఆయనకు గుట్టు చెప్పింది.

అప్పుడు తట్టింది నాకు. తువాలు విప్పి ఆయన ఎడమ చేతి మీద కప్పి, నా చెయ్యి దూర్చాను. ఆయన రాసిన పాత గుర్తులే, నాకు వచ్చినవి అవే. ఐదు వేళ్ళూ పట్టి వదిలి, మళ్ళీ ఒకటి పట్టాను. ఆరు. ఆరు నవలలు వేస్తాను సారూ. చెయ్యి తెరిచి ఊరుకున్నాను.

ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు, అచ్చం మునెప్పలాగే. తువాలు కింద గోరు కదిలింది. గీటు. ఆయన పుస్తకంలో అది ‘వద్దు’.

మునెప్ప మాట గుర్తుంది కాబట్టి చెయ్యి వెనక్కి తీయలేదు. అట్లాగే తెరిచి ఉంచాను. కాసేపటికి ఆయన వేళ్ళు నా వేళ్ళను వెతుక్కున్నాయి. ఐదు పట్టాడు. వదిలాడు. రెండు పట్టాడు.

ఏడు.

“అది పూర్తి కాలేదు కదా సారూ” అన్నాను పైకే. మళ్ళీ పట్టాడు, ఈసారి గట్టిగా. ఐదు. రెండు. పనికిరాదని పక్కన పడేసేవాణ్ణి నేను. పారేసిందే మొలుస్తుందని రాసినవాడు ఆయన.

“అయితే ముగింపు చెప్పండి. అవును, కాదు అనండి, నేను రాసుకుంటాను. ఆవిడ గేటు దగ్గర ఏం మాట చెప్పింది?”

ఆయన తల తిప్పి నన్ను సూటిగా చూశాడు. తువాలు కింద వేళ్ళన్నీ వదిలేసి, చెయ్యి తెరిచి, అట్లాగే ఉంచాడు.

ఇక నీ వంతు.

మాట పోయిందని ఊరంతా జాలిపడే మనిషి, నాకు ఇచ్చిన జవాబు అది. చదివిన ప్రతివాడికీ ఇచ్చిన జవాబు. నేను ఆయన చేతిని పిడికిలిలో బిగించి పట్టుకున్నాను. సరే. ఆయనా బిగించాడు. పక్షవాతం రాని చెయ్యి అది. వేళ్ళు నొప్పి పుట్టాయి.

సరోజమ్మ కాఫీ గ్లాసులతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఆయన మొహం చూసింది, తువాలు చూసింది. గ్లాసులు కింద పెట్టి వచ్చి, తువాలు తీసి భుజాన వేసుకుంది.

“ఎన్నాళ్ళకు నవ్వె” అంది. “ఏమంటాడప్పా?”

“ఏడు వెయ్యమంటున్నారమ్మా.”

“ఆయన మాటంటే మాటే. ఏడే వెయ్యి” అంది, పక్కన కూర్చుని. తర్వాత ఆయన చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, తువాలు దాని మీద కప్పుకుని, “నాకూ నేర్పప్పా, తొందరగా” అంది.

బందరు వచ్చి మూడో వారానికే పని మొదలుపెట్టాను. సంపుటం ఇప్పుడు నా అచ్చాఫీసు అరుగు మీద దొంతరలుగా ఉంది. మొదటి ప్రతులు కుప్పానికి, పుంగనూరుకు, మదనపల్లె బైండింగు సందుకు వెళ్ళాయి. బందరు పెద్దాయనకు కూడా ఒకటి ఇచ్చాను. ఏడో నవల ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉండగానే ఆగుతుంది. దాని చివర మా కంపోజిటరు, నేను మరిచిపోయాననుకుని, అలవాటు ప్రకారం ‘సమాప్తం’ అని పెట్టాడు. ప్రూఫు దిద్దేటప్పుడు నేనే తీయించాను.